వెల కట్టేవాళ్ళ కోసం వేసిన డెక్కు

మా ఊళ్ళో ఇళ్ళన్నీ వరస ఇళ్ళు. ఒక ఇంటి గోడే పక్కింటికీ గోడ. వీధి వైపు అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటే సాగిపోతుంది. ఎవరి అరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తవాళ్ళకు తెలియదు, పాతవాళ్ళు పట్టించుకోరు. నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చుంటారు. అరుగు మీద ఒక మాట అంటే అది వరస మొత్తానికీ చెప్పినట్టే. దాన్ని ఇబ్బందిగా అనుకున్న మనిషి మా వరసలో ఒక్కతే, లీలమ్మ.

అలాగని ఆమె గర్విష్ఠి కాదు. ఆమె వయసులో సగానికి పైగా పలాస జీడిపప్పు మిల్లుల్లోనే గడిచింది. పొద్దున్నే షేర్ ఆటోలో పోయి సాయంత్రం దాకా పప్పు మీద పొట్టు తీయడం, తర్వాత కొన్నేళ్ళు విరగని గుండ్లు ఒకవైపు విరిగిన బద్దలు ఒకవైపు ఏరడం, చివర్లో ఆ ఏరేవాళ్ళ మీద అజమాయిషీ. మిల్లులో ఆడవాళ్ళు చేతులతో పనిచేస్తూ నోళ్ళతో లోకాన్నంతా చుట్టి వస్తారు. ఆ గోలలో అన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఇంటికొచ్చాక కాస్త నిశ్శబ్దం కావాలనిపించడంలో వింతేమీ లేదు. మోకాళ్ళు మొరాయించి పని మానేశాక ఆమె దొడ్లో నూతి పక్కన పీట వేసుకుని బైబిలు చదువుకునేది. ఇసకలో పీట ఒకవైపు దిగబడేది. ఆ వైపుకు వాలి కూర్చుని చదివేది. దొడ్డి అవతల జీడితోట పల్లంగా దిగుతుంది. సముద్రం కనపడదు, దాని గాలి మాత్రం వస్తుంది.

భర్త సాల్మన్ రాజు నౌపడ నుంచి ఉప్పు లారీ తోలేవాడు. పోయి చాలా ఏళ్ళయింది. కూతురు కెజియా సోంపేటలో నర్సు, అల్లుడిదీ అక్కడే ఉద్యోగం. నెలకోసారి వచ్చి తల్లిని చూసి, ఫ్రిజ్ సర్ది, వెళ్ళిపోతుంది. ఇల్లు లీలమ్మదే అని అందరూ అనుకునేవారు. నిజానికి సగమే ఆమెది. మిగతా సగం సాల్మన్ రాజు అన్న జక్కయ్యది. ఆయన నౌపడ స్టేషన్లో పాయింట్స్‌మేన్‌గా చేసి రిటైరై టెక్కలిలో స్థిరపడ్డాడు. ఇన్నేళ్ళూ ఆయన వాటా ఊసెత్తలేదు. ఈ మధ్య టెక్కలి ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలని కొడుకులు పట్టుబట్టారు. దాంతో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర, తన చెప్పుల వైపు చూసుకుంటూ మరదలితో అన్నాడు.

"లీలమ్మా, నా సగం నువ్వే తీసీసుకో. నేకపోతే ఇల్లు అమ్మీసి పంచీసుకుందుము. నాకు ఎలగైనా పరవానేదు."

"నానే తీసీసుకుంటాను బావగారూ" అంది లీలమ్మ. అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. ఈస్టరు వెళ్ళిన శనివారం పాస్టరు గారూ, సూర్యం గారూ వచ్చి ఇంటికి వెల కడతారు. అందులో సగం ఆమె జక్కయ్యకు ఇవ్వాలి. ఆమె దగ్గర ఉన్నది చీటీ పాడుకున్న డబ్బు. దానికి అందే వెల అయితే ఇల్లు నిలుస్తుంది. అంతకు మించితే ఇల్లు అమ్ముడవుతుంది, ఆమె సోంపేటలో కూతురి ఇంటి ముందుగదిలో మంచం వేసుకోవాలి. కూతురంటే ప్రాణమే, కానీ ఆ ముందుగదిలో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది.

సూర్యం గురించి చెప్పాలి. పక్క వీధి రైతు, జీడితోటలున్నవాడు. చెట్టు కింద నిలబడి తలెత్తి ఒకసారి చూసి ఎన్ని బస్తాల పిక్కలు దిగుతాయో చెబుతాడు. మా ఉద్దానం ప్రాంతంలో ఎవరు తోట కొన్నా, ఇల్లు అమ్మినా ఆయన్ను పిలుచుకుపోతారు. ఆయన చెప్పిన రేటుకు ఎదురు లేదు.

లీలమ్మకు పట్టుకున్న దిగులు ఇంకొకటి. వాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలి? మా ఊళ్ళో ఇంటికి వెల కట్టడమంటే వీధరుగు మీదే. వరసంతా చేరుతుంది. ఎవరి నోటికి తోచిన అంకె వాళ్ళు అంటారు. ఇంతకు ముందు చివరింటికి వెల కట్టినప్పుడు అరుగు మీద మాటా మాటా పెరిగి, పెద్దమనుషులు సగంలో లేచి పోయారు. ఆ రభస తన ఇంటి ముందు జరగకూడదు. దొడ్లో మాట్లాడుకుంటే బాగుంటుంది గానీ, పాస్టరు గారిని ఇసకలో కూర్చోబెడతామా?

సరిగ్గా అప్పుడే ఈస్టరుకు మేనల్లుడు ఫిన్నీ వచ్చాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మంచి వడ్రంగి. భీమిలి వైపు సముద్రం ఒడ్డున డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో చెక్కపని చేస్తుంటాడు. అత్త ఇంట్లో వెనక గది గోడకు ఆనించి ఉన్న పనస బల్లలు చూసి ఆగిపోయాడు. తిత్లీ తుపానుకు ఫిన్నీ వాళ్ళ తోటలో కూలిన చెట్టు అది. ఫిన్నీ తండ్రి, అంటే లీలమ్మ అన్నయ్య, దాన్ని కాశీబుగ్గ కోత మిల్లులో కోయించి, కెజియాకు మంచం చేయించమని చెల్లెలికి ఇచ్చాడు. కెజియా షాపులో మంచం కొనుక్కుంది. బల్లలు అలాగే ఉండిపోయాయి.

"అత్తా, వీటితో ఎనకాల డెక్కు ఏసీద్దుము" అన్నాడు.

"డెక్కంటే ఏటిరా?"

"గడప ఎత్తుకి బల్లలు పరిసీడమే. కింద దిమ్మలు, పైన బల్లలు. గడప దాటితే బయటే ఉంటావు గానీ ఇసకలో ఉండవు. మా భీమిలి కాడ డెక్కు నేని ఇల్లు ఎవుడూ అడగడు. ఇది ఏత్తే ఇంటి వేల్యూ పెరిగిపోతాది."

"నాకు వేల్యూ ఎందుకురా, వొచ్చినోళ్ళు కూకోడానికి సోటుంటే సాలు."

వేల్యూ పెరుగుతుందన్న మాట ఇద్దరి చెవినా పడింది, ఇద్దరి బుర్రకూ ఎక్కలేదు.

పంచాయతీ వాళ్ళు కాలవ కట్టగా మిగిలిన సిమెంటు దిమ్మలు అడిగి తెచ్చాడు ఫిన్నీ. ఉప్పుగాలికి ఇనప మేకులు నిలవవని చెక్క చీలలు చెక్కుకున్నాడు. వంటింటి గోడ పాతది కాబట్టి దాని జోలికి పోకుండా, అరచెయ్యి పట్టేంత సందు వదిలి బల్లలు పరిచాడు. పక్కింటి దానయ్య రోజూ పిట్టగోడ మీదుగా తల పెట్టి చూసేవాడు. ఎనభై ఏళ్ళ వాడు, ఊళ్ళో జరిగే ఏ పనినీ ఒంటరిగా జరగనివ్వడు.

"ఓడ కడతన్నావేట్రా ఫిన్నీ?"

"డెక్కు తాతా."

"ఓడకే గదరా ఉంటాది. సముద్రం ఇటు రాదు. నువ్వే దీన్ని మోసుకుపోవాల."

"నువ్వో పక్క పడితే నానో పక్క పడతాను."

పని పూర్తయ్యేసరికి పసుపు రంగు బల్లలు ఎండకు మెరుస్తున్నాయి. వరసలో వాళ్ళందరూ ఒక్కొక్కరే లీలమ్మ ఇంట్లోంచి నడిచి వెనక్కి వచ్చి, పాదాలు కడుక్కుని మరీ ఎక్కి చూశారు. డెక్కు అనే మాట ఎవరి నోటా నిలవలేదు. చేను కాపలాకు వేసే మంచె పేరే దీనికీ పెట్టేశారు. లీలమ్మ మంచె.

శనివారం జక్కయ్య టెక్కలి నుంచి బస్సులో దిగాడు. పాస్టరు గారు మోటారు సైకిలు మీద వచ్చారు. సూర్యం నడిచి వచ్చాడు. ముందు ఇల్లంతా చూశారు. సూర్యం దూలాల మీద వేళ్ళతో కొట్టి విన్నాడు. గోడ మూలల్లో చెమ్మ చూశాడు. పెంకుల మధ్య వెలుగు పడుతున్న చోట తలెత్తి ఆగాడు. పక్కనే నడుస్తున్న పాస్టరు గారికి చెవిలో ఒక అంకె చెప్పాడు. లీలమ్మ వినికిడికి మిల్లు గోల ఏ హానీ చేయలేదు. ఆ అంకె ఆమెకు వినబడింది. చీటీ డబ్బుకు సరిపోతుంది. ఆమె వంటింట్లోకి పోయి టీకి నీళ్ళు పెట్టింది.

తర్వాత అందరూ వెనక్కి వెళ్ళి డెక్కు మీద కుర్చీల్లో కూర్చున్నారు.

గాలి వచ్చింది. అది మామూలు గాలి కాదు. ఏప్రిల్లో మధ్యాహ్నం దాటాక జీడిపళ్ళ వాసనతో, సముద్రం మీంచి తోట మీదుగా ఎక్కి వచ్చే గాలి. పాస్టరు గారు చెప్పులు విడిచి పాదాలు బల్లల మీద పెట్టారు. జక్కయ్య కుర్చీ వెనక్కి వాల్చాడు. సూర్యం మడమతో బల్లను తట్టాడు.

"పనసేనా?"

"పనసే మావా" అన్నాడు ఫిన్నీ.

"ఎక్కడా ఊగట్నేదు."

లీలమ్మ టీలూ, వేయించిన జీడిపప్పూ తెచ్చింది. అందరూ వెల మాట మరిచి పప్పు నములుతూ కూర్చున్నారు. పాస్టరు గారు ఏదో జ్ఞాపకం వచ్చినట్టు కళ్ళు మూసుకున్నారు. జ్ఞాపకం కాదు, కునుకు. చివరికి సూర్యం గొంతు సవరించుకున్నాడు.

"జక్కయ్య బావా, నాను లోపల ఒక రేటు అనుకున్నాను. ఇక్కడ కూకున్నాక ఆ రేటు సెప్తే నీకు అన్నేయం సేసినట్టే. ఇలాటి సోటు కాశీబుగ్గలో మేడల్లో ఉన్నోళ్ళకీ నేదు."

"నానేటీ అడగనేదు బావా. నువ్వే అంటన్నావు" అన్నాడు జక్కయ్య, మరింత వాలుతూ.

"దేవుడు ఇచ్చిన గాలికి కూర్చునే చోటు ఉండడం గొప్ప సంగతే" అన్నారు కళ్ళు తెరిచిన పాస్టరు గారు.

సూర్యం కొత్త అంకె చెప్పాడు. అది లీలమ్మ చీటీ డబ్బుకు ఆమడ దూరంలో ఉంది. పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడ్డ లీలమ్మ ఆ అంకెలో సగమెంతో లెక్క వేసుకుంది. అప్పుడు ఫిన్నీ మొహమంతా నవ్వుతో అత్త వైపు తిరిగాడు.

"సెప్పేనా అత్తా, వేల్యూ పెరుగుతాదని."

లీలమ్మ వాడి వైపు చూసిన చూపును మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళు ఎవరైనా గుర్తుపడతారు. బద్దల్లో పొరపాటున గుండు కలిపేసినవాళ్ళ మీద పడే చూపు అది. వాడి నవ్వు ఆరిపోయింది. ఆమె పళ్ళెం కింద పెట్టింది.

"ఫిన్నీ, దీన్ని తీయడానికి ఎంతసేపు పడతాది?"

"దేన్ని అత్తా?"

"ఈ మంచెని."

జక్కయ్య కుర్చీ ముందుకు వచ్చింది. "తీయడమేటి లీలమ్మా?"

"ఇల్లు మనిద్దరిదీ బావగారూ. బల్లలు మా అన్నయ్య ఇచ్చినవి. ఏసింది మా అన్న కొడుకు. మీరొత్తారు గదా, కూకోడానికని ఏయించేను. దీనికీ ఎల కట్టి సగం నన్నే ఇమ్మంటే నానెక్కడ తెత్తాను?"

"బల్లలు నీవే, కాదనను. ఇప్పుడు ఇంటికి అతుక్కున్నాయి గదా."

"అతుక్కోనేదు మావా" అన్నాడు ఫిన్నీ, తప్పు దిద్దుకునే దారి దొరికినవాడిలా. "గోడకి ఒక్క మేకు కొట్టనేదు."

సూర్యం లేచి వంగి, గోడకూ బల్లకూ మధ్య అరచెయ్యి దూర్చాడు. చెయ్యి మణికట్టు దాకా పోయింది. "నిజిమే. ఇది ఇంట్లో భాగం కాదు. మంచం మీద కూకుని ఇల్లు బాగుందన్నట్టయింది నా పని."

"అయితే తీసీసి సూద్దురు గాని" అంది లీలమ్మ.

"ఇప్పుడేనా?"

"ఎల ఇప్పుడే గదా కడతన్నారు."

ఫిన్నీ చీలలు ఊడదీయడం తోట వైపు చివర నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో బల్లా లేచి గోడకు చేరుతుంటే, పెద్దమనుషులు ఒక్కో బల్లా ఇంటి వైపు జరుగుతూ వచ్చారు. పాస్టరు గారు ఒక చేత్తో కుర్చీ, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని మర్యాదగా జరిగారు. సూర్యం మధ్యలో దిగి బల్ల ఒకవైపు పట్టాడు. జక్కయ్య మాత్రం లేవలేదు. కూర్చున్న కుర్చీతోనే ఎగిరెగిరి వెనక్కి వచ్చాడు. చివరికి గడప దగ్గర రెండే రెండు బల్లలు మిగిలాయి. వాటి మీద జక్కయ్య, ఆయన కుర్చీ.

"ఈ రెండూ ఉండనీరా. టీ తాగీసి లెగుత్తాను."

"సల్లారిపోయింది గదా మావా."

"సల్లటిదే తాగుతాను."

పిట్టగోడ అవతల దానయ్య తల వణికిపోయేలా నవ్వుతున్నాడు. లీలమ్మకూ నవ్వొచ్చింది, పైటతో నోరు కప్పుకుంది. జక్కయ్య టీ తాగి, గ్లాసు ఆమె చేతికిచ్చి, దిగాడు.

ఇప్పుడు దొడ్లో కూర్చునే చోటు లేదు. ఇసకంతా దిమ్మలూ చీలలూ. ఇక వీధరుగే దిక్కు. ఆమె దేనికి భయపడి ఇంత చేసిందో అదే జరిగింది. నలుగురూ ముందుకొచ్చి అరుగు మీద కూర్చోగానే వరసంతా నీడతో పాటు జరిగినట్టు జరిగి వచ్చింది. దానయ్య అందరికంటే ముందు వచ్చాడు. దొడ్లో ఏం జరిగిందో ఆయన నోట వరస చివరి దాకా అప్పటికే చేరింది. వెల తగ్గితే లీలమ్మకు మంచిదని అందరికీ తెలిసిపోయింది. ఇక మొదలుపెట్టారు.

"ఆ ఇల్లా బాబూ? వానొత్తే పెంకుల్లోంచి ధారే" అంది ఎదురింటి సుధారాణి.

"దూలాలకి చెద ఎక్కీసింది" అన్నారు ఇంకెవరో.

"మా ఇంటి నీరు వాళ్ళింట్లోకే పోతాది, అడగండి" అన్నాడు దానయ్య, తన ఇంటి మీద కూడా నింద వేసుకుంటూ.

సూర్యం అంకె దిగింది. మళ్ళీ దిగింది. జక్కయ్య తల వంచుకుని అరుగు గచ్చును బొటనవేలితో రాశాడు. "మా నాయిన కట్టిన ఇల్లు" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

లీలమ్మ ఆ మాట విన్నది. అప్పటికి వెల ఆమె చీటీ డబ్బులో సగమే సరిపోయేంత కిందికి వచ్చింది. ఊరుకుంటే చాలు. దానయ్య ఇంకో మెట్టు దించబోయాడు.

"ఇంకా వంటింటి గోడ సంగతి సెప్పనేదు. మట్టి గోడ. ఎవుడైనా తోసీతే పడిపోతాది."

"ఎవుడు తోసీతే పడిపోతాది బాబాయ్?" అంది లీలమ్మ.

దానయ్య ఆమెకు కన్ను గీటాడు.

"కన్నుగీటకు. రా, తోసి సూడు. ఆ గోడకి నానూ మా ఆయనా కలిసి సిమెంటు పూసేము. ఆయన లారీ డ్యూటీ దిగొచ్చి రేత్రి పూట పూసేడు. సుధారాణీ, ధార పడతాదన్నావు, ఏ గదిలో పడతాది? దీపావళి ముందే గదా పెంకులు మార్పించేను, మీ ఆయనే గదా ఎక్కి మార్చేడు?"

"నీ కోసమే గదే సెప్తన్నాము" అన్నాడు దానయ్య, బిత్తరపోయి.

"నా కోసమైతే నా ఇంటిని తిట్టకండి."

ఆమె సూర్యాన్ని లేపి లోపలికి తీసుకుపోయింది. ఏ దూలం ఎప్పుడు మార్చిందీ, నూతి ఒరలు ఎక్కడి నుంచి తెప్పించిందీ, మూలగది చెమ్మ ఎందుకు వస్తోందో, అదీ దాచకుండా చెప్పింది. సూర్యం తిరిగొచ్చి కూర్చున్నాక అంకె ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చింది. వరసలో ఆడవాళ్ళు నుదురు కొట్టుకున్నారు. తను ఇవ్వాల్సిన వెల తానే పెంచుకునే మనిషిని వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

"సాలమ్మా, సాలు" అని సూర్యమే చెయ్యెత్తి ఆపాడు. "లోపల సూసినప్పుడు పాస్టరు గారి సెవిలో ఒక మాట సెప్పేను. అదే రేటు. మంచె మీద కూకుని పైకి పోయేను, ఈ అరుగు మీద కూకుని కిందకి పోయేను. రెండూ నా తప్పే. ఏటి బావా?"

జక్కయ్య తలెత్తాడు. "సరే."

"లీలమ్మా?"

చీటీ డబ్బు సరిగ్గా సరిపోతుంది. చేతిలో మరేమీ మిగలదు. "సరే" అంది. పాస్టరు గారు లేచి ప్రార్థన చేశారు. వరసంతా ఆమెన్ అంది, దానయ్య అందరికంటే గట్టిగా.

వెళ్ళబోతున్న జక్కయ్యను లీలమ్మ వాకిట్లో ఆపింది.

"బావగారూ, సెప్పకుండా సేసేనని మళ్ళీ అనుకోవద్దు. రిజిస్ట్రీ అయ్యాక ఆ బల్లలు మళ్ళీ ఏయిత్తాను."

"ఏయించుకో. నీ బల్లలు" అన్నాడు జక్కయ్య.

రిజిస్ట్రేషను అయ్యేదాకా బల్లలు గోడకు నిలబడే ఉన్నాయి. ఫిన్నీ భీమిలి పోయి, మళ్ళీ సెలవు పెట్టుకుని వచ్చి పరిచాడు. ఈసారీ గోడకు మేకు కొట్టలేదు. ఎందుకని అడిగితే, "మా అత్తతో ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు.

జక్కయ్య ఒక ఆదివారం ఆరాధనకు వచ్చి, భోజనానికి మరదలి ఇంట్లో ఆగాడు. తిన్నాక వెనక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. తోట మీంచి గాలి వస్తోంది.

"ఇప్పుడమ్మితే దీనికి ఎంతొత్తాది లీలమ్మా?" అన్నాడు.

"సూర్యం బాబుని అడగకపోయారా."

"అడిగేను."

"ఏటన్నాడు?"

"ఇక్కడ కూకుంటే గాని సెప్పనేనన్నాడు."

"రమ్మనండి. టీ ఇత్తాను" అంది లీలమ్మ, చదువుతున్న బైబిల్లో గుర్తుగా వేలు పెట్టి మూస్తూ. "ఎల మాత్రం కట్టొద్దని సెప్పండి. అమ్మేది నేదు."